గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోంది, టెస్టుకి మాత్రం రానంటున్నారు. ఏం చేయాలి?

గోదారమ్మాయి
మా వారికి 46. గురక పెళ్ళయినప్పటి నుంచీ ఉంది, నాకూ అలవాటైపోయింది. కానీ ఈమధ్య తీరు మారింది. పెద్దగా గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఆగిపోతుంది. గదిలో చప్పుడే ఉండదు. పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతూ ఉంటుంది, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. కాసేపటికి ఉక్కిరిబిక్కిరైనట్టు పెద్ద శబ్దంతో ఊపిరి అందుకుని, అటు తిరిగి పడుకుంటారు. మళ్ళీ మొదలు. పొద్దున అడిగితే ఆయనకి ఏమీ గుర్తుండదు. నాకే నిద్ర ఉండట్లేదు, ఎప్పుడు ఆగుతుందా అని వింటూ పడుకుంటున్నాను.

లేవగానే తలనొప్పి, నోరంతా ఎండిపోయి ఉంటుంది. రాత్రి మూడు నాలుగు సార్లు బాత్రూంకి లేస్తారు, పరీక్ష చేయిస్తే షుగర్ లేదు. బీపీకి మూడు రకాల మాత్రలు వాడుతున్నా పైది 150 కిందకి దిగట్లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక షాపులో కౌంటర్ మీదే కునుకు. మొన్న రావులపాలెం దాటాక కారు నడుపుతూ రెప్ప వాల్చేశారు. పక్కన నేనున్నాను కాబట్టి సరిపోయింది.

టెస్టు చేయించుకుందామంటే "గురకకి కూడా టెస్టా, నలుగురూ నవ్వుతారు" అంటారు. మా అత్తగారేమో "వాడు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు, నువ్వు దిష్టి పెట్టకు" అంటారు. నిజంగా ఇది భయపడాల్సిన విషయమేనా? ఎవరికి చూపించాలి? ఈయన్ని ఎలా ఒప్పించాలి?

మల్లన్న_కరీంనగర్
మా బాపుకి అచ్చం ఇట్లనే ఉండేది అక్కా. ఆగుడు, మళ్ళ ఒక్కసారే గుంజి ఊపిరి తీసుకునుడు. ఊళ్ళో ఇది జబ్బని ఎవరికీ తెలియదు. 58 ఏళ్ళకి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడితే, "రాత్రి గురకలో ఊపిరి ఆగుతుందా" అని మొదటిసారి అడిగింది ఆ న్యూరాలజీ డాక్టరే. మీరు ఆలస్యం చేయకండి.

కోనసీమ_కుర్రాడు
మా మావయ్య గురకకి ఇంట్లో కుక్క కూడా వీధి అరుగు మీదకి మకాం మార్చేసింది.

సరే, పనికొచ్చే మాట చెప్తాను. ఈ రాత్రే ఫోన్‌లో వీడియో తీయండి అక్కా. గురక ఆగిన దగ్గర నుంచి మళ్ళీ ఊపిరి అందుకునేదాకా, ముఖం, పొట్ట రెండూ కనపడేలా. ఎవరెన్ని చెప్పినా వినని మా మావయ్య, తన వీడియో తాను చూశాక మర్నాడే చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. డాక్టరుకి కూడా ఆ వీడియో చాలా ఉపయోగపడింది.

చెస్ట్_డాక్టర్_వైజాగ్
గోదారమ్మాయి గారూ, మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క చాలు. చప్పుడు లేదు, గాలి లేదు, పొట్ట మాత్రం ఎగిరెగిరి పడుతోంది. అంటే ఊపిరి తీసుకోవాలని ఛాతీ, పొట్ట పెనుగులాడుతున్నాయి, గొంతు దగ్గర దారి మూసుకుపోయింది. అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అనేది ఇదే. పరీక్ష చేయకుండా ఖాయం చేయలేను కానీ, అనుమానం మాత్రం చాలా బలంగా ఉంది.

నిద్రపోయాక గొంతు కండరాలు వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది, కొండనాలుక చుట్టూ ఉన్న మెత్తటి భాగం కిందికి వాలుతుంది. దారి ఇరుకైతే వచ్చే చప్పుడే గురక. నానిపోయిన పేపర్ స్ట్రాతో కొబ్బరినీళ్ళు గట్టిగా పీలిస్తే దాని గోడలు అతుక్కుపోతాయి చూడండి, గొంతు అలా అతుక్కుపోతే ఆప్నియా. 10 సెకన్లు, అంతకు పైన ఆగితే లెక్కలోకి తీసుకుంటాం. కొందరికి నిమిషం దాకా ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు తెలుసుకుని కొన్ని సెకన్లపాటు లేపుతుంది, గొంతు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. ఆ మెలకువ మనిషికి గుర్తుండదు. తాను రాత్రంతా నిద్రపోయాననే అనుకుంటాడు. గంటకి ముప్ఫై సార్లు ఇలా లేచినవాడికి పగలు నిద్ర రాకుండా ఎలా ఉంటుంది?

ఆగిన ప్రతిసారీ అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. మామూలుగా నిద్రలో బీపీ కొంత తగ్గాలి, వీళ్ళకి తగ్గదు, కొందరికి పెరుగుతుంది కూడా. మూడు రకాల మాత్రలకీ లొంగని బీపీ వెనక వెతికితే తరచుగా దొరికే కారణాల్లో ఇదొకటి. రాత్రి బాత్రూం సంగతీ దీనికి చుట్టమే. మూసుకున్న గొంతు మీద గట్టిగా ఊపిరి లాగినప్పుడు గుండె పై గదులు సాగుతాయి, అవి ఒక హార్మోన్ వదులుతాయి, దాంతో మూత్రం ఎక్కువగా తయారవుతుంది. చాలామంది ముందు ప్రోస్టేట్ అనుకుని తిరుగుతారు. లేవగానే తలనొప్పికి ఒక కారణం రాత్రంతా రక్తంలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్.

ఊపిరితిత్తుల డాక్టర్ గానీ, నిద్ర పరీక్షలు చేసే ఈఎన్‌టీ డాక్టర్ గానీ చూస్తారు. ఒక్కటి మాత్రం ఇవాళ్టి నుంచే చేయండి. చికిత్స మొదలై పగటి నిద్ర తగ్గేదాకా ఆయన్ని కారు నడపనివ్వకండి.

సందేహాల_సుబ్బారావు
మా తాత 88 ఏళ్ళు బతికాడు, పైకప్పు ఎగిరిపోయేలా గురక పెట్టేవాడు. ఏ టెస్టూ లేదు, ఏ మెషినూ లేదు. ఇప్పుడు ప్రతిదానికీ ఒక పేరు, ఒక పరికరం. రాత్రి పెందలాడే తక్కువగా తిని, పొద్దున్నే నడిస్తే సగం జబ్బులు పోతాయి. ఈ మెషిన్ల వెనకాల పెద్ద వ్యాపారం ఉంది, అది కూడా చూడండి.

లారీ_ఓనర్_బెజవాడ
సుబ్బారావు గారూ, మీ తాతగారు రాత్రిపూట 16 చక్రాల లారీ నడిపారా? నా దగ్గర ఒక డ్రైవరు ఉండేవాడు, మందు ముట్టడు, మంచివాడు. ఒంగోలు బైపాస్‌లో తెల్లవారుజామున డివైడర్ ఎక్కించాడు. బ్రేకు వేసిన గుర్తు కూడా రోడ్డు మీద లేదు. ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో పక్క మంచం వాళ్ళు వాడి గురక, మధ్యలో ఆగడం చూసి నర్సుకి చెప్తే అప్పుడు బయటపడింది. ఇప్పుడు మాస్కు గుండా గొంతులోకి గాలి పంపే సీప్యాప్ మెషిన్ పెట్టుకుని పడుకుంటాడు, నా దగ్గరే చేస్తున్నాడు. కొత్తగా ఎవరిని పెట్టుకున్నా "పగలు కూర్చుంటే నిద్రొస్తుందా" అని అడిగి, అవునంటే నేనే డబ్బు పెట్టి పరీక్ష చేయిస్తున్నాను.

డల్లాస్_తెలుగోడు
బెజవాడ అన్న చెప్పిందే పెద్ద ఎత్తున జరిగింది ఇక్కడ. 2013 డిసెంబర్ 1న న్యూయార్క్‌లో మెట్రో నార్త్ రైలు పట్టాలు తప్పింది. గంటకి 30 మైళ్ళతో వెళ్ళాల్సిన మలుపులో 82 మైళ్ళ వేగంతో వెళ్ళింది. నలుగురు చనిపోయారు. రైలు నడిపినతనికి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉందని ఆ తర్వాత పరీక్షలో తేలింది, అప్పటిదాకా అతనికే తెలియదు.

శ్యామల_టీచర్
ఇక్కడ అందరూ లావుగా ఉన్న మగవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. నా సంగతి కూడా వినండి.

నాకు 53, బరువు 56 కిలోలు. నాకు గట్టి గురక లేదు. నిద్ర పట్టదు, పట్టినా తెల్లారేదాకా పదిసార్లు మెలకువ, పగలంతా ఒళ్ళు బరువు, క్లాసులో పాఠం చెప్తూ చెప్తూ మాట మర్చిపోవడం. ఒక ఆసుపత్రిలో "పీరియడ్స్ ఆగిన వయసు కదమ్మా, టెన్షన్" అని నిద్రమాత్రలు రాశారు. వాటితో ఇంకా పాడయ్యాను, పొద్దున తల ఎత్తలేకపోయేదాన్ని. థైరాయిడ్ చూసే డాక్టరమ్మ నా కింది దవడ చూసి, వెనక్కి ఉందని గమనించి, స్లీప్ స్టడీకి పంపారు. గంటకి 22 సార్లు ఊపిరి ఆగుతోందట.

ఆడవాళ్ళకి గురక ఉందని చెప్పుకోవడమే సిగ్గు. పక్కన పడుకున్నవాళ్ళు కూడా చెప్పరు. అందుకని మనకి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. నాలాంటి లక్షణాలున్న అక్కచెల్లెళ్ళెవరైనా ఇది చదువుతుంటే, నిద్రమాత్రలు అడిగే ముందు ఈ పరీక్ష గురించి అడగండి.

చెస్ట్_డాక్టర్_వైజాగ్
శ్యామల గారు రాసింది ప్రతి ఒక్కరూ రెండుసార్లు చదవాలి. పీరియడ్స్ ఆగాక ఆడవాళ్ళలో ఈ జబ్బు బాగా పెరుగుతుంది. వాళ్ళలో నిద్రలేమి, నీరసం, తలనొప్పి, దిగులు ముందు కనిపిస్తాయి, దాంతో డిప్రెషన్ అనుకోవడం ఎక్కువ. థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్ళలో, పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువ చూస్తాం. బరువు ఒక్కటే కారణం కాదు. చిన్న దవడ, ఇరుకు గొంతు ఉంటే సన్నటివాళ్ళకీ వస్తుంది, ఆసియా వాళ్ళలో ఇది బాగా కనిపిస్తుంది. కొన్ని నిద్రమాత్రలు గొంతు కండరాలని ఇంకా వదులు చేస్తాయి. తాగుడు కూడా అంతే. ఆదివారం రాత్రి రెండు పెగ్గులు వేసినవాడి గురక సోమవారం పొద్దున భార్యని అడగండి.

టెక్_శీను
నా వాచీలో రాత్రి ఆక్సిజన్ 95, 96 చూపిస్తోంది. గురక ఉంది కానీ ఆక్సిజన్ బాగుంది కాబట్టి నాకు లేనట్టేనా డాక్టరు గారూ? కొత్త వాచీల్లో స్లీప్ ఆప్నియా ఫీచరే వచ్చిందిగా.

చెస్ట్_డాక్టర్_వైజాగ్
లేనట్టు కాదు శీనూ. 2024లో శామ్‌సంగ్, ఆపిల్ వాచీల్లోని ఈ ఫీచర్లకి మందుల్నీ వైద్య పరికరాల్నీ పరిశీలించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చిన మాట నిజమే. అవి కొంత తీవ్రంగా ఉన్నవాళ్ళని పరీక్షకి పంపడానికి పనికొస్తాయి. ఉంది అని చెప్తే వెంటనే కదలాలి. ఏమీ చెప్పకపోతే జబ్బు లేదని అర్థం కాదు. నువ్వు చూసే 95 అనేది అప్పుడప్పుడు తీసిన లెక్క, మధ్యలో 82కి పడి లేచినా దానికి కనపడకపోవచ్చు.

సందేహాల_సుబ్బారావు
నేను ఊరికే మాట్లాడట్లేదు. 2016లో సేవ్ అనే పెద్ద పరిశోధన వచ్చింది. గుండెజబ్బో పక్షవాతమో ఇదివరకే వచ్చి, ఆప్నియా కూడా ఉన్న రెండున్నర వేలమందికి పైగా తీసుకుని సగంమందికి మెషిన్ ఇచ్చారు. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాలు తగ్గలేదు. దీనికేమంటారు డాక్టరు గారూ?

చెస్ట్_డాక్టర్_వైజాగ్
మంచి ప్రశ్న. ఆ పరిశోధన నిజం, ఫలితమూ నిజం. అందులో మెషిన్ వాడింది సగటున రాత్రికి 3.3 గంటలే. ఏడు గంటల నిద్రలో సగం కూడా కాదు. పైగా పగలు విపరీతంగా నిద్ర వచ్చేవాళ్ళనీ, ఆక్సిజన్ మరీ పడిపోయేవాళ్ళనీ అందులో చేర్చుకోలేదు, చికిత్స లేకుండా ఉంచడం న్యాయం కాదు కాబట్టి. గోదారమ్మాయి గారి భర్త అలాంటి పరిశోధనలో చేరడానికే పనికిరారు.

గుండెపోటు తప్పకుండా ఆపుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను, అంత గట్టి రుజువు లేదు. పగటి నిద్ర తగ్గుతుంది, రోడ్డు మీద ప్రమాదం తగ్గుతుంది, బీపీ కొంత దిగుతుంది, మొండి బీపీ ఉన్నవాళ్ళలో ఇంకాస్త బాగా దిగుతుంది. ఇవి చెప్పగలను. వైద్యం లేకుండా వదిలేస్తే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ళ తరబడి గమనించి 2008లో ప్రచురించారు. తీవ్రంగా ఉన్నవాళ్ళలో మరణాల ముప్పు లేనివాళ్ళకంటే దాదాపు 3 రెట్లు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా వీళ్ళలో ఎక్కువ.

నడక, మితమైన భోజనం గురించి మీరన్నది నేను రోజూ చీటీ మీద రాస్తాను. అవి కావాలి. కానీ బరువు తగ్గడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఊపిరి ప్రతి రాత్రీ ఆగుతూనే ఉంటుంది.

సీప్యాప్_సీనియర్
వ్యాపారం మాటకొస్తే, ఈ మెషిన్ పుట్టింది వ్యాపారం కోసం కాదు. సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు, వ్యాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలి పంపి ముక్కు గుండా గొంతుని తెరిచి ఉంచి చూశాడు, 1981లో ప్రచురించాడు. అంతకుముందు తీవ్రంగా ఉన్నవాళ్ళకి గొంతుకి రంధ్రం పెట్టడమే దారి. దాంతో పోలిస్తే ఈ మాస్కు వరం.

అనంత_సీమబిడ్డ
గాయకుడు, సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు ఆసుపత్రి వాళ్ళు చెప్పిన కారణం ఇదే. అప్పటిదాకా గురకకి మనిషి పోతాడని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా నాయన ఆ వార్త చూసే టెస్టుకి ఒప్పుకున్నాడు.

గోదారమ్మాయి
కోనసీమ తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే వీడియో తీశాను. ఆయన చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "పిల్లలకి చూపించకు" అన్నారు, అంతే. మా అత్తగారు మాత్రం చూసి "ఇదేంటే, వాడికి ఊపిరాడట్లేదు" అని ఆవిడే గొడవ పెట్టి బయల్దేరదీశారు.

టెస్టు ఎలా ఉంటుంది? ఆసుపత్రిలో పడుకోవాలా? ఆయనకి కొత్త చోట నిద్ర పట్టదు.

సీప్యాప్_సీనియర్
రెండు రకాలుగా చేస్తారమ్మా. ఇంటికే చిన్న పెట్టె ఇస్తారు. ముక్కులోకి సన్నటి గొట్టం, ఛాతీకి ఒక బెల్టు, వేలికి క్లిప్పు. అవి పెట్టుకుని మన మంచం మీదే పడుకోవడమే. ఆసుపత్రిలో చేసే పెద్ద పరీక్షలో వీటితో పాటు తల మీద, కళ్ళ పక్కన, గడ్డం కింద, కాళ్ళకి కూడా వైర్లు అతికిస్తారు. తలలో పూసే జిగురు పొద్దున షాంపూతో కూడా ఓ పట్టాన వదలదు, ఆయిల్ పెట్టుకుని వెళ్ళొద్దు, అతకదు. నిద్ర పట్టదేమో అని అందరూ భయపడతారు కానీ ఈ జబ్బున్నవాడు వైర్లతో కూడా పడుకున్న కాసేపటికే గురక పెడతాడు.

రిపోర్టులో ఏహెచ్‌ఐ అని ఉంటుంది. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క. 5 లోపు మామూలు. 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఆక్సిజన్ ఎంతకి పడిందో కూడా చూడండి.

బుజ్జిగాడి_అమ్మ
పిల్లలకి కూడా వస్తుందా? మా వాడికి ఆరేళ్ళు. నోరు తెరిచి పడుకుంటాడు, గురక, ఒళ్ళంతా చెమట. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. స్కూల్లో టీచర్ "కుదురుగా కూర్చోడు" అంటోంది.

చెస్ట్_డాక్టర్_వైజాగ్
వస్తుందమ్మా. పిల్లల్లో ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే ఎడినాయిడ్స్ పెద్దవి కావడం వల్ల. పెద్దవాళ్ళు నిద్రతో తూలితే పిల్లలు అల్లరి పెంచుతారు, చదువు మీద ధ్యాస నిలవదు. వాళ్ళ కొలత వేరు, గంటకి ఒకటి దాటినా మామూలు కాదు. ఈఎన్‌టీకి చూపించండి. అవసరమైన పిల్లలకి ఆ రెండూ తీసేస్తే చాలామందికి బాగా నయమవుతుంది.

బుజ్జిగాడి_అమ్మ
వచ్చే వారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. చాలా థాంక్స్ అండి.

లెస్టర్_లక్ష్మి
ఇక్కడ బ్రిటన్‌లో మెషిన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ వాళ్ళే ఉచితంగా ఇస్తారు. కాకపోతే మధ్యస్థం, తీవ్రం అని తేలి, పగలు విపరీతంగా నిద్ర వస్తుంటే, లైసెన్సు ఇచ్చే డీవీఎల్ఏకి మనమే తెలియజేయాలి. అదుపులోకి వచ్చేదాకా బండి తీయకూడదు. మా ఆయనకి మొదట్లో కోపం వచ్చింది, తర్వాత పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకునేది మనమే కదా అని ఆయనే అన్నారు.

డల్లాస్_తెలుగోడు
అమెరికాలో ఇన్సూరెన్సు వాళ్ళు మెషిన్ లోపలి లెక్క చూస్తారు. పెద్ద వయసువాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే బీమా మెడికేర్ రూలు ప్రకారం మొదటి 90 రోజుల్లో, వరసగా ఏదో ఒక 30 రోజుల వ్యవధిలో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలు వాడినట్టు ఉండాలి. లేకపోతే డబ్బు కట్టడం ఆపేస్తారు.

మల్లన్న_కరీంనగర్
మా పాలసీలోనైతే మెషిన్‌కి ఒక్క రూపాయి ఇయ్యలేదు. గాలి ఒత్తిడిని తనే సర్దుకునే ఆటో మెషిన్, గాలిని తడిపే హ్యుమిడిఫయర్, మాస్కు కలిపి మాకు 48 వేలు అయింది. సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా అని అడిగేటోళ్ళు చాలామంది ఉన్నారు.

సీప్యాప్_సీనియర్
మల్లన్నా, సెకండ్ హ్యాండ్ అయితే చాలా జాగ్రత్త. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన పాత మోడళ్ళని లక్షల్లో వెనక్కి పిలిచింది. శబ్దం రాకుండా లోపల పెట్టిన స్పాంజిలాంటి ఫోమ్ పొడి పొడిగా రాలి గాలితో పాటు లోపలికి పోయే ప్రమాదం ఉందని. ఆ మోడళ్ళు ఇంకా చేతులు మారుతుంటాయి. మోడల్ పేరు, సీరియల్ నంబరు చూడకుండా కొనకండి. మాస్కు, గొట్టం మాత్రం ఎప్పుడూ కొత్తవే.

గోదారమ్మాయి
రిపోర్టు వచ్చింది. ఏహెచ్‌ఐ 41. ఆక్సిజన్ 71కి పడిందట. డాక్టరు గారు ఆటో సీప్యాప్ రాశారు. మూడు నాలుగు రాత్రులు అద్దెకి తెచ్చుకుని చూస్తున్నాం. గురక లేదు, గది అంతా నిశ్శబ్దం. కానీ ఆయనకి మీసం ఉంది, మాస్కు పక్కల నుంచి గాలి కారి కళ్ళలోకి కొడుతోంది. అర్ధరాత్రి పీకి పక్కన పడేస్తున్నారు. "ఊపిరి ఆడట్లేదు" అంటున్నారు.

సీప్యాప్_సీనియర్
ఈ దశలోనే చాలామంది మానేస్తారు, మానేయనివ్వకండి. కళ్ళలోకి గాలి కొడుతోందంటే మాస్కు సైజు గానీ రకం గానీ కుదరలేదు. పట్టీలు గట్టిగా బిగిస్తే ఇంకా కారుతుంది, ముక్కు మీద పుండు కూడా పడుతుంది. వదులుగా పెట్టి, పడుకున్నాక, మెషిన్ ఆన్‌లో ఉండగా సర్దండి. మీసం ఉన్నవాళ్ళకి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే నేసల్ పిల్లోస్ బాగా కుదురుతాయి. నోరు తెరిచి పడుకునేవాళ్ళకైతే అది చాలదు, ముక్కూ నోరూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు కావాలి.

ఊపిరి ఆడట్లేదనేది మొదట్లో అందరికీ ఉండేదే. మెషిన్‌లో ర్యాంప్ అని ఉంటుంది, తక్కువ ఒత్తిడితో మొదలై నిద్ర పట్టాక పెరుగుతుంది. అది ఆన్ చేయించండి. సాయంత్రం టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకుని కూర్చోమనండి, మెలకువగా ఉండగానే భయం పోతుంది. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి మందు అడగండి. నీళ్ళ పెట్టెలో డిస్టిల్డ్ వాటరే పోయండి, గోదావరి నీళ్ళయినా సరే కుళాయివి వద్దు, అడుగున తెల్లటి పొర కడుతుంది.

పళ్ళ_డాక్టర్_హనుమకొండ
మెషిన్ అస్సలు పడనివాళ్ళకి ఇంకో దారి ఉంది. కింది దవడని కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరం, మీ పంటి అచ్చు తీసి తయారుచేస్తాం. స్వల్పం, మధ్యస్థం ఉన్నవాళ్ళకి బాగా పనిచేస్తుంది. ఏహెచ్‌ఐ 41 ఉన్నాయనకి మొదటి ఎంపిక మాత్రం సీప్యాపే, నేను కూడా అదే చెప్తాను. పళ్ళు వదులుగా ఉన్నవాళ్ళకి ఇది కుదరదు. ఆన్‌లైన్‌లో అమ్మే వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికే రకం కొనుక్కుని దవడ నొప్పితో నా దగ్గరికి వస్తున్నారు, ఆ పని చేయకండి.

టెక్_శీను
బరువు తగ్గించే ఇంజెక్షన్లతో ఇది పోతుందని చదివాను. నిజమేనా?

చెస్ట్_డాక్టర్_వైజాగ్
టిర్జెపటైడ్ గురించి అడుగుతున్నావు. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దవాళ్ళకి 2024 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దేశంలో అది మౌంజారో పేరుతో 2025 మార్చిలో షుగర్‌కీ, బరువుకీ అని వచ్చింది. బరువు తగ్గితే చాలామందిలో ఆప్నియా తగ్గుతుంది, కొందరికి మెషిన్ అవసరమే తీరిపోతుంది. కానీ శ్యామల గారిలాంటి సన్నటివాళ్ళకి అది మందు కాదు. బరువు తగ్గానని మెషిన్ మీ అంతట మీరు అటకెక్కించొద్దు. మళ్ళీ పరీక్ష చేసి చూశాకే.

నర్స్_రమణి
ఒక్క మాట చేర్చాలి. ఈ జబ్బున్నవాళ్ళకి ఏ ఆపరేషన్ అయినా, చిన్నదైనా సరే, మత్తు డాక్టరుకి ముందే చెప్పండి. మత్తుమందులు, ఆపరేషన్ తర్వాత ఇచ్చే గట్టి నొప్పి మందులు గొంతుని వదులు చేస్తాయి, ఊపిరి తీసుకునే వేగాన్ని కూడా తగ్గిస్తాయి. మెషిన్ ఇంట్లో వదిలేసి రాకండి, వార్డుకి తెచ్చుకోండి. మేము కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాసుకుంటాం. చెప్పకపోతే మాకు తెలిసే దారి లేదు.

లారీ_ఓనర్_బెజవాడ
రమణి గారూ, ఇది నాకు తెలియదు. మా డ్రైవరుకి వచ్చే నెలలో హెర్నియా ఆపరేషన్ ఉంది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తున్నాను.

సందేహాల_సుబ్బారావు
మెషిన్ల వ్యాపారం మీద నా మాట మారదు, రేట్లు సగానికి తగ్గాలి. కానీ గోదారమ్మాయి గారి భర్తకి 41 అంటే వాడాల్సిందే, అందులో వాదన లేదు. నడక కూడా మొదలుపెట్టించండి. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోమనండి, దానికి ఖర్చు లేదు.

చెస్ట్_డాక్టర్_వైజాగ్
రేట్ల విషయంలో మీతో ఏకీభవిస్తాను సుబ్బారావు గారూ. పక్కకి తిరగడం మంచి సలహా, వెల్లకిలా పడుకుంటేనే ఎక్కువయ్యే రకం చాలామందిలో ఉంది. తీవ్రంగా ఉన్నవాళ్ళకి అదొక్కటే చాలదు.

గోదారమ్మాయి
మాస్కు మార్పించాం, ముక్కు దగ్గర పెట్టేది. నిన్న తెల్లారేదాకా తియ్యలేదు, బాత్రూంకి ఒక్కసారే లేచారు. బీపీ మాత్రలు మాత్రం డాక్టరు గారు మార్చలేదు, కొన్ని వారాలు చూసి చెప్తానన్నారు. అందరికీ పేరు పేరునా థాంక్స్.

అనంత_సీమబిడ్డ
మా నాయనని వచ్చే నెల కాశీకి తీసుకుపోతున్నాం, రైల్లో రెండు రాత్రులు. మెషిన్ ఎట్ల? బెర్తు దగ్గర ప్లగ్గులో పెట్టొచ్చా?

సీప్యాప్_సీనియర్
ప్లగ్గు మీద ఆశ పెట్టుకోవద్దు. చాలా రైళ్ళలో రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఛార్జింగ్ పాయింట్లకి కరెంటు ఆపేస్తారు, మనకి కావాల్సిన టైమే అది. సీప్యాప్‌కి సరిపోయే బ్యాటరీ దొరుకుతుంది, మీ మోడల్ ఎన్ని వోల్టులో చూసి తీసుకోండి. హ్యుమిడిఫయర్ ఆపేస్తే బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది, కరెంటు ఎక్కువ తినేది ఆ నీళ్ళు వేడి చేసేదే. బయల్దేరే ముందు ఇంట్లో ఒక రాత్రి బ్యాటరీ మీదే నడిపి చూడండి, తెల్లారేదాకా వస్తుందో లేదో తెలుస్తుంది. పైబెర్తు వద్దు, కింది బెర్తు తీసుకోండి, గొట్టం పట్టాలి. నీళ్ళ పెట్టె పూర్తిగా వంపేసి సంచిలో పెట్టండి, లేకపోతే కుదుపులకి నీళ్ళు మెషిన్‌లోకి పోతాయి.

అనంత_సీమబిడ్డ
కింది బెర్తే బుక్ చేసినా అన్నా. బ్యాటరీ ఈరోజే ఆర్డర్ పెడతా.